ఆల్ ఇన్‌కు కాల్ చెప్పడం గుండె ధైర్యం లెక్క కాదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో పోకర్ టోర్నమెంట్ల గురించి మీరు ప్రచురించిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. ఆట నియమాలను తెలుగు పాఠకులకు అర్థమయ్యేలా వివరించినందుకు సంతోషించాను గానీ, చివరి పేరాలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. టోర్నమెంట్ ముగింపు దశలో ఎదుటివాడు తన చిప్స్ (పందెం బిళ్లలు) అన్నీ ముందుకు తోసి ఆల్ ఇన్ అన్నప్పుడు, మంచి ముక్కలు చేతిలో పెట్టుకుని కూడా పడేసేవాడు పిరికివాడనీ, గుండె దిటవు చేసుకుని కాల్ చెప్పేవాడే, అంటే ఆ పందేనికి సరిసమానంగా తానూ చిప్స్ పెట్టేవాడే గెలుస్తాడనీ వ్యాసకర్త రాశారు. ఇది చాలామంది నమ్మే మాటే. నేనూ కొంతకాలం నమ్మాను, నమ్మినందుకు మూల్యం కూడా చెల్లించాను. ఆ మాట ఎందుకు తప్పో లెక్కతో సహా చూపించడానికే ఈ ఉత్తరం. కాస్త పొడవైనదే అయినా, వీలుంటే కత్తిరించకుండా వేయమని మనవి.

నేను గుంటూరులో ముప్ఫై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు గణాంకశాస్త్రం బోధించి రిటైరయ్యాను. ఇప్పుడు ఏడాదిలో నాలుగైదు నెలలు అమెరికాలో, నెవాడా రాష్ట్రంలోని మా అమ్మాయి ఇంట్లో గడుపుతున్నాను. అక్కడ పోకర్ చట్టబద్ధమైన ఆట. కేసినోలలో మధ్యాహ్నం పూట చిన్నచిన్న రుసుములతో టోర్నమెంట్లు జరుగుతాయి, నాలాంటి రిటైరైనవాళ్లే వాటిలో ఎక్కువగా కనిపిస్తారు. ఇది మనవాళ్లను ఆడమని ప్రోత్సహించే ఉత్తరం మాత్రం కాదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టమైతే నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా కూడా చూడకుండా దేశమంతటికీ ఆ నిషేధాన్ని వర్తింపజేసింది. అది అలా ఉంచి, ఒక ఆట గురించి పత్రికలో రాసినప్పుడు ఆ ఆటలోని అసలు నిర్ణయం ఎలా జరుగుతుందో సరిగ్గా రాయాలన్నదే నా అభ్యర్థన.

అన్నిటికంటే ముందు తెలుసుకోవలసినది, టోర్నమెంట్‌లో చిప్స్ డబ్బు కాదు. మామూలు పోకర్ బల్ల దగ్గర 100 డాలర్ల చిప్స్ ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి వెళ్లి 100 డాలర్లకు మార్చుకోవచ్చు. టోర్నమెంట్‌లో ఆ వీలు లేదు. అందరూ ఒకే రుసుము కట్టి ఒకే సంఖ్యలో చిప్స్ తీసుకుంటారు, అవి అయిపోయినవారు లేచిపోతారు, వసూలైన సొమ్మును చివరిదాకా నిలిచిన కొద్దిమందికి ముందే ప్రకటించిన పట్టిక ప్రకారం పంచుతారు. మొదటి బహుమతి గెలిచినవాడి ముందు చివర్లో బల్ల మీద ఉన్న చిప్స్ అన్నీ, అంటే నూటికి నూరు శాతం పోగుపడతాయి. అతని చేతికి వచ్చే డబ్బు మాత్రం మొత్తంలో సగమో, అంతకంటే తక్కువో. మిగతాది ఒక్క చిప్ కూడా లేకుండా లేచిపోయిన రెండో స్థానం, మూడో స్థానం వాళ్లకు పోతుంది. కాల్ చెప్పాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు మొత్తం ఈ వైచిత్రిలోనే ఉంది.

నా అనుభవం చెబుతాను. మూడేళ్ల కిందట అక్కడి ఒక కేసినోలో చిన్న టోర్నమెంట్‌లో చివరి నలుగురిలో మిగిలాను. బహుమతులు ముగ్గురికే: మొదటిది 1,000 డాలర్లు, రెండోది 600, మూడోది 400. నాలుగో స్థానానికి ఏమీ లేదు. బహుమతి గీతకు ఒక్క అడుగు ఇవతల ఉన్న ఈ ఘట్టాన్ని ఆటగాళ్లు బబుల్, అంటే బుడగ అంటారు. పగిలితే ఎవరో ఒకరు ఉత్త చేతులతో వెళ్లాలి. బల్ల మీద మొత్తం 4,00,000 చిప్స్ ఉన్నాయి. నా దగ్గర 1,00,000, నా కుడిపక్కన కూర్చున్నవాడి దగ్గర 1,40,000, ఎదురుగా ఉన్న ఒక పెద్దావిడ దగ్గర 1,30,000, నా ఎడమపక్కన ఉన్న కుర్రాడి దగ్గర 30,000 మాత్రమే.

బ్లైండ్స్ 4,000, 8,000. మన మూడు ముక్కలాటలో బ్లైండ్ అంటే ముక్కలు చూడకుండా ఆడటం కదా. పోకర్‌లో బ్లైండ్ అంటే ముక్కలు పంచకముందే ఇద్దరు వంతులవారీగా తప్పనిసరిగా పెట్టే పందెం. ఆ ఆటలో చిన్న బ్లైండ్ నా కుడిపక్కవాడిది, పెద్ద బ్లైండ్ నాది. కుర్రాడు, పెద్దావిడ ముక్కలు పడేశారు. కుడిపక్కవాడు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తన చిప్స్ అన్నీ ముందుకు తోశాడు. నేను నా రెండు ముక్కల అంచులు ఎత్తి చూశాను: ఆసు, రాణి, రంగులు వేరు.

గంటన్నరగా అలాంటి ముక్కలు పడలేదు. పైగా ఆ మనిషి వరుసగా మూడు ఆటల్లో ఇలాగే తోస్తున్నాడు, అందరం పడేస్తున్నాం. వీడు ఏదో ఒకదానితో బెదిరిస్తున్నాడనీ, నా చేతిలో అంతకంటే మంచివే ఉన్నాయనీ అనుకుని కాల్ చెప్పాను. అతను తిప్పి చూపించింది రాజు, ఆరు. నా అంచనా అక్షరాలా నిజమైంది. ముక్కలు తెరిచే ముందు గెలిచే అవకాశం నాకే ఎక్కువ, సుమారు 60 శాతం. ఇద్దరికీ ఉమ్మడిగా బల్ల మీద తెరిచే ఐదు ముక్కల్లో నాలుగోదిగా ఆరు వచ్చి అతనికి జత కుదిరింది. నేను కోటు తీసుకుని లేచాను. చుట్టూ ఉన్నవాళ్లు చాలా మర్యాదగా, నాది సరైన కాల్ అనీ, ఓడటం దురదృష్టమనీ అన్నారు. కారులో ఇంటికి వచ్చేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, అలవాటు కొద్దీ, కాగితం మీద లెక్క వేశాను. మొదట అందరూ వేసే లెక్క: నేను కట్టిన 8,000 పోగా నా ముందు 92,000 మిగిలాయి. కాల్ చెబితే ఆ 92,000 పెట్టాలి. అప్పటికే పాట్‌లో, అంటే బల్ల మధ్య పోగైన పందెంలో ఉన్నవి నా 8,000, నాతో సరితూగేంతవరకు అతనివి 1,00,000, వెరసి 1,08,000. 92 పెట్టి 108 గెలిచే పందెం. నూటికి 46 సార్లు గెలిస్తే చాలు, నష్టం లేదు. నాకు 60 సార్లు గెలిచే ముక్కలు ఉన్నాయి. ఈ లెక్క ప్రకారం నాది తిరుగులేని కాల్.

తర్వాత డబ్బు లెక్క వేశాను. దానికి పోకర్ లోకంలో ఐసీఎం, అంటే ఇండిపెండెంట్ చిప్ మోడల్ అనే పద్ధతి వాడతారు. దాని పుట్టుక సరదాగా ఉంటుంది. గుర్రప్పందెంలో ఏ గుర్రం మొదట వస్తుందో అంచనాలు తెలిసినప్పుడు, ఏది రెండో స్థానంలో, ఏది మూడో స్థానంలో వస్తుందో లెక్కగట్టే సూత్రాన్ని డేవిడ్ హార్విల్ అనే గణాంకశాస్త్రజ్ఞుడు 1973లో అమెరికన్ గణాంకశాస్త్ర సంఘం పత్రికలో ప్రచురించాడు. మలక్‌పేట రేసులకు వెళ్లే మిత్రులకు అసలు విషయం వెంటనే తడుతుంది. అదే సూత్రాన్ని మేసన్ మాల్మత్ అనే పోకర్ రచయిత 1987లో చిప్స్‌కు వర్తింపజేశాడు. బల్ల మీది చిప్స్‌లో మీకెంత వాటా ఉందో మొదటి స్థానం వచ్చే అవకాశం అంత. రెండో స్థానానికి, ఒక్కొక్కరు మొదట వచ్చారని అనుకుని వాళ్ల చిప్స్ పక్కన పెట్టి, మిగిలినవాటిలో మీ వాటా చూడాలి. మూడో స్థానానికీ అంతే. వచ్చిన అవకాశాలను బహుమతులతో హెచ్చించి కూడితే, ఆ క్షణాన మీ చిప్స్ ఎన్ని డాలర్ల విలువ చేస్తాయో తెలుస్తుంది.

నేను ఆసు, రాణి పడేసి ఉంటే నా దగ్గర 92,000 మిగిలేవి. వాటి విలువ 522 డాలర్లు. కాల్ చెప్పి గెలిస్తే 2,00,000 చిప్స్, అంటే బల్ల మీద సరిగ్గా సగం నావి. వాటి విలువ 1,000 కాదు, 756 డాలర్లు. ఓడితే నాలుగో స్థానం, సున్నా. అంటే నేను 234 డాలర్లు సంపాదించడానికి 522 డాలర్లు ఒడ్డాను. ఆ పందెం నష్టం లేకుండా సరిపోవాలంటే నూటికి 46 సార్లు కాదు, 69 సార్లు గెలవాలి. చిప్స్ రెట్టింపు కంటే ఎక్కువ అయినా వాటి విలువ పెరిగింది 45 శాతమే. తక్కిన విలువ ఎక్కడికి పోయింది? ఆ ఆటలో ఒక్క చిప్ కూడా పెట్టకుండా చేతులు కట్టుకుని చూస్తున్న పెద్దావిడకూ, ఆ కుర్రాడికీ పోయింది. పిట్టపోరు పిల్లి తీర్చడమంటే ఇదే. 30,000 చిప్స్‌తో కొనఊపిరితో ఉన్న ఆ కుర్రాడు నేను లేవగానే 400 డాలర్లు ఖాయం చేసుకున్నాడు.

నన్ను నిజంగా సిగ్గుపడేలా చేసింది ఆ తర్వాతి మెట్టు. ఎదుటివాడు ముక్కలు చూడనే చూడకుండా, ఏ రెండు పడితే ఆ రెండింటితో తోస్తున్నాడనే అనుకుందాం. అంతకంటే అనుకూలమైన ఊహ నాకు ఉండదు. అప్పుడు కూడా ఆసు, రాణి గెలిచేది నూటికి 64, 65 సార్లే. ఆసు, రాజు ఉన్నా 65. ఏడ్ల జత ఉంటే 66. ఎనిమిదుల జతకు గానీ లెక్క 69 దాటదు. అంటే అతను గుడ్డిగా తోస్తున్నాడని దేవుడే వచ్చి నా చెవిలో చెప్పినా, ఆ బల్ల దగ్గర, ఆ బహుమతుల పట్టికతో, ఆ చిప్స్ పంపకంతో నేను ఆసు, రాణి పడేయవలసిందే. ఎదుటివాడి ముఖం చదవగలిగాననీ, వాడి బెదిరింపును పట్టుకున్నాననీ నేను పొంగిపోయాను. పట్టుకున్న మాట నిజమే, కానీ దానివల్ల ఒరిగిందేమీ లేదు.

ఇక అతను గుడ్డిగా కాక, మంచి ముక్కలతోనే తోసే జాగ్రత్తపరుడైతే సంగతి ఇంకా అన్యాయం. రెండు ముక్కలు పడే విధాలు మొత్తం 1,326. పదుల జత నుంచి ఆసుల జత దాకా ఐదు జతలు, వాటితోపాటు ఆసు-రాజు మాత్రమే ఆడే మనిషి అనుకుందాం. నా చేతిలో ఒక ఆసు, ఒక రాణి ఉన్నాయి కాబట్టి అతనికి ఆసుల జత పడే విధాలు 6 నుంచి 3కు, రాణుల జతవి కూడా 6 నుంచి 3కు, ఆసు-రాజు పడే విధాలు 16 నుంచి 12కు తగ్గుతాయి. పదులు, జాకీలు, రాజుల జతలు ఒక్కొక్కటి 6 విధాలుగా అలాగే ఉంటాయి. మొత్తం 36 విధాలు. వాటిమీద ఆసు, రాణి గెలిచేది నూటికి 31 సార్లు. పదుల మీదా జాకీల మీదా కొంత పోరాడుతుంది, ఆసు-రాజు ఎదురైతే నాలుగింట ఒక వంతే మిగులుతుంది, ఆసుల జత ఎదురైతే ఇక చెప్పనక్కర్లేదు. ఎదుటివాడి తీరును బట్టి నా గెలుపు 31 నుంచి 65 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. నాకు కావలసింది 69.

ఇక్కడే తోసేవాడికీ, కాల్ చెప్పేవాడికీ ఉన్న తేడా బయటపడుతుంది. మొదట ఆల్ ఇన్ అన్నవాడికి గెలవడానికి రెండు దారులున్నాయి: ఎదుటివాళ్లు పడేస్తే ఏ ముక్కలున్నా గెలుస్తాడు, ఎవరైనా కాల్ చెబితే ముక్కల బలంతో గెలవవచ్చు. కాల్ చెప్పేవాడికి ఒక్కటే దారి, ముక్కలు తెరిచాక తనవే నిలవాలి. అందుకే ఏ ముక్కలతో మనం ధైర్యంగా తోయవచ్చో అదే ముక్కలతో ఇంకొకడి తోపుకు కాల్ చెప్పకూడదు. కుడిపక్కవాడు రాజు, ఆరుతో తోయడం దుస్సాహసం కాదు. అతను నా ఇరకాటాన్ని నాకంటే బాగా ఎరిగినవాడు. మీ వ్యాసకర్త ధైర్యాన్ని మెచ్చుకోదలిస్తే దాన్ని తోసినవాడి దగ్గర వెతకాలి. కాల్ చెప్పినవాడి దగ్గర చాలాసార్లు దొరికేది విసుగు, లేదా నాలాగ, గంటన్నర తర్వాత పడిన బొమ్మల ముక్కల మీద మోజు.

రమ్మీ ఆడినవాళ్లకు ఇది కొత్త విషయం కానే కాదు. పాయింట్లు 101కి చేరినవాడు అవుట్ అయ్యే 101 పూల్‌లో ముక్క తీయకముందే డ్రాప్ చేస్తే, అంటే ఆ ఆట వదిలేస్తే 20 పాయింట్లు, మధ్యలో వదిలేస్తే 40, ఆడి ఓడి ఫుల్ కౌంట్ పడితే 80. 75 దగ్గర ఉన్నవాడు ఒకసారి డ్రాప్ చేసి 95 దగ్గర నిలబడగలడు. ఆడి ఫుల్ కౌంట్ ఇస్తే అవుట్. అదే బల్ల మీద ఇంకొకడు 80 దాటి డ్రాప్ చేసే వీల్లేక ప్రతి ఆటా తప్పనిసరిగా ఆడవలసిన స్థితిలో ఉంటే, అనుభవం ఉన్న ఆటగాడు ఒక మోస్తరు ముక్కలు పడినా డ్రాప్ చేసి అతని పతనం కోసం ఎదురుచూస్తాడు. అతన్ని ఎవరూ పిరికివాడని అనరు. చివర్లో మిగిలిన ఇద్దరు ముగ్గురు ఆట ఆపి పూల్ సొమ్ము పంచుకోవాలనుకుంటే, ఎవరికి ఎన్ని డ్రాపులు మిగిలాయో లెక్కగట్టి పంచుకునే ఆనవాయితీ ఉంది. ఇంకా గెలవని ఆటలోని నిలకడకు డబ్బు రూపంలో విలువ కట్టడమే అది, ఐసీఎం చేసేదీ అదే. 1967లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య సికింద్రాబాదులోని ఒక క్లబ్బు విషయమై నడిచిన కేసులో, రమ్మీ మూడు ముక్కలాటలాగా కేవలం అదృష్టం మీద నడిచేది కాదనీ, పడిన ముక్కలను గుర్తుంచుకోవడంలో, ఏది ఉంచుకోవాలో ఏది పడేయాలో ఎంచుకోవడంలో నైపుణ్యం ఉందనీ సుప్రీంకోర్టు చెప్పింది. పడేయడంలో నైపుణ్యం ఉందన్న ఆ సంగతి పోకర్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మరిచిపోతామో నాకు అర్థం కాదు.

నా కథలో ఆ కుర్రాడి సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆ రోజు నేను చూడనిది అతన్నే. అతని దగ్గర 30,000 ఉన్నాయి, తర్వాతి ఆటలో పెద్ద బ్లైండ్ అతనిది. అంటే ముక్కలు పడకముందే 8,000 పోతాయి. ఆ పైఆటలో చిన్న బ్లైండ్ 4,000. రెండు నిమిషాల్లో అతను ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. నేను చెప్పిన సూత్రం చిప్స్ లెక్క చూస్తుంది గానీ బ్లైండ్ ఎవరి మీదికి వస్తోందో చూడదు, ఎవరు నేర్పరులో చూడదు. అది దానిలోని లోపమే. ఈ సందర్భంలో ఆ లోపాన్ని సవరిస్తే ముక్కలు పడేయడం ఇంకా లాభసాటిగా మారుతుంది. ఒక్క వరుస ఆగి ఉంటే ఆ కుర్రాడు నాకంటే ముందే లేచేవాడేమో, లేవకపోయేవాడేమో, కానీ 92,000 చిప్స్‌తో కూర్చుని చూసే అవకాశం నాకు ఉండేది. ఆల్ ఇన్ ఎదురైనప్పుడు కళ్లు తోసినవాడి ముఖం మీదికి పోతాయి. అవి ముందుగా పోవలసింది బల్ల మీద అందరికంటే చిన్న చిప్స్ కుప్ప మీదికి.

ఇలాంటి పొరపాటు వీరత్వంగా ఎందుకు చలామణీ అవుతోందని ఆలోచిస్తే, ఆట చరిత్రలో ఒక సమాధానం కనిపిస్తుంది. లాస్ వెగాస్‌లో 1970లో మొదలైన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో మొదటి ఏడాది విజేతను తోటి ఆటగాళ్లు ఓట్లు వేసి ఎన్నుకున్నారు. ఆ తర్వాత 1977 దాకా ప్రధాన పోటీలో మొత్తం సొమ్ము ఒక్క విజేతదే. రెండోవాడికి ఏమీ లేని పోటీలో చిప్స్ వాటా, డబ్బు వాటా ఒక్కటే. అక్కడ 46 శాతం చాలునంటే నిజంగానే చాలు. 1978లో బహుమతిని పైస్థానాల వారికి పంచడం మొదలైంది. ఆ రోజుతో లెక్క మారింది గానీ, ఒక్కడే అంతా ఊడ్చుకుపోయే కాలంలో పుట్టిన మాటలు మాత్రం మారలేదు. మీ వ్యాసకర్త వాడిన మాటలు ఆ కాలానివే.

అయితే బహుమతి గీత దగ్గర ప్రతి కాల్‌నూ తప్పుపట్టడం కూడా సరి కాదు. 2018లో అదే ప్రధాన పోటీలో 7,874 మంది పాల్గొనగా, పదిమంది మిగిలి ఇంకొకరు పోతే చివరి బల్ల ఖరారయ్యే ఘట్టంలో ఒక అపూర్వమైన ఆట జరిగింది. యుయేకీ ఝూ చేతిలో రాజుల జత, ఆంత్వాన్ లబా చేతిలో రాజుల జత, నికొలస్ మేనియన్ చేతిలో ఆసుల జత. నాలుగు రాజులూ ఇద్దరి చేతుల్లోనే చిక్కుకుపోయాయి కాబట్టి బల్ల మీదికి ఇంకో రాజు వచ్చే ప్రశ్నే లేదు. మేనియన్ గెలిచి అందరికంటే ఎక్కువ చిప్స్‌తో చివరి బల్లకు వెళ్లాడు, ఝూ పదో స్థానంలో నిష్క్రమించాడు, కొద్ది చిప్స్‌తో మిగిలిన లబా ఆ తర్వాత తొమ్మిదో స్థానంలో ఆగిపోయాడు. ఒకరు తోసి, మరొకరు దానిమీద మళ్లీ తోశాక లబా రాజులను పడేయవలసిందని కొందరు వాదిస్తారు. నేను ఒప్పుకోను. పదో స్థానానికి 8,50,025 డాలర్లు, తొమ్మిదోదానికి 10,00,000, తేడా లక్షన్నర. మొదటి బహుమతి 88,00,000. ఒక మెట్టు ఎక్కితే దక్కేది పైమెట్టుతో పోలిస్తే స్వల్పమైనప్పుడు ఆగి ఎదురుచూడటానికి అంత విలువ లేదు. నా బల్ల దగ్గరైతే ఒక మెట్టు తేడా సున్నాకూ 400కూ మధ్య, పైమెట్టు 1,000. రెండు చోట్లా పేరు బబులే, బరువు మాత్రం వేరు. ఈ బరువును పట్టికలో చూడకుండా ఎవరు పిరికివాళ్లో, ఎవరు వీరులో తేల్చడం సాధ్యం కాదు.

ఈ బరువు పరాకాష్ఠకు చేరే చోటు ఒకటుంది: పెద్ద పోటీకి ప్రవేశ టికెట్లు గెలుచుకునే చిన్న టోర్నమెంట్లు. 2003లో క్రిస్ మనీమేకర్ 86 డాలర్లు కట్టి ఆన్‌లైన్‌లో అలాంటిదొకటి గెలిచి, 839 మంది ఆడిన ప్రధాన పోటీలోకి వెళ్లి 25 లక్షల డాలర్లు గెలుచుకున్న సంగతి ప్రసిద్ధం. అలాంటి టోర్నమెంట్‌లో పది టికెట్లు ఉండి పదకొండు మంది మిగిలారనుకుందాం. మొదటివాడికీ పదోవాడికీ దక్కేది అదే టికెట్. మీ దగ్గర తగినన్ని చిప్స్ ఉండి, మరో ఇద్దరు కొనఊపిరితో ఉన్నప్పుడు, మీ అంత చిప్స్ ఉన్నవాడు ఎవరైనా ఆల్ ఇన్ అంటే, ఆసుల జతనైనా పడేయడమే సరైన పని. ఎదుటివాడికి ఏ ముక్కలు పడినా సగటున నూటికి 85 సార్లు గెలిచే జత అది. కానీ పడేస్తే టికెట్ దాదాపు ఖాయమైనప్పుడు, 15 శాతం ప్రమాదం ఎందుకు కొనితెచ్చుకోవాలి? రెండు ఆసులను పడేసేవాణ్ణి చూసి పక్కవాళ్లు నవ్వుతారు, నవ్వనీయండి.

దీనికి ఎదురుదిక్కున ఉన్న తప్పును కూడా నేను చేశాను. నా కాల్ తప్పని తెలిశాక కొన్ని నెలలపాటు అన్నిటికీ భయపడి పడేస్తూ పోయాను. ఒకసారి పెద్ద బ్లైండ్ 8,000 కట్టాక నా ముందు 6,000 మిగిలాయి, చిన్న బ్లైండ్‌లో ఉన్నవాడు తోశాడు, నా దగ్గర తొమ్మిది, నాలుగు. పాట్‌లో నావి 8,000, నాతో సరితూగేంతవరకు అతనివి 14,000. 22,000 గెలవడానికి 6,000 పెడితే చాలు. నూటికి 22 సార్లు గెలిస్తే సరి. అన్నిటికంటే పనికిమాలినవిగా పేరుపడ్డ రెండు, ఏడు కూడా గుడ్డి ముక్కల మీద నూటికి 34 సార్లు గెలుస్తాయి. అక్కడ కాల్ చెప్పకపోవడం జాగ్రత్త కాదు, లెక్క రాకపోవడం. చివరికి ఇద్దరే మిగిలినప్పుడు కూడా అంతే: రెండో బహుమతి ఇద్దరికీ ఖాయమైపోయింది, మిగిలిన తేడా సొమ్ము చిప్స్ వాటాను బట్టే ఉంటుంది, కాబట్టి చిప్స్ లెక్క, డబ్బు లెక్క మళ్లీ కలిసిపోతాయి. నలుగురున్నప్పుడు పడేయవలసిన ఆసు, రాణిని ఇద్దరే ఉన్నప్పుడు సంతోషంగా ముందుకు తోయవచ్చు. అలాగే పెద్ద చిప్స్ కుప్ప ఉన్నవాడు 30,000 కుర్రాడి తోపుకు కాల్ చెప్పడానికి నాకు కావలసినంత బలమైన ముక్కలు అక్కర్లేదు, ఓడినా అతను బల్ల దగ్గరే ఉంటాడు.

ఇదంతా బల్ల దగ్గర కూర్చుని కాగితం, పెన్సిలు లేకుండా ఎలా చేస్తారని పాఠకులు అడగవచ్చు. ఎవరూ చేయరు. ఎక్కువసేపు ఆలోచిస్తే పక్కవాళ్లకు క్లాక్ అడిగే, అంటే నిర్ణయానికి గడువు పెట్టమనే హక్కు కూడా ఉంది. ఆటగాళ్లు ఇంటి దగ్గర ఇలాంటి పదుల సందర్భాలకు ముందే లెక్క వేసుకుని, ఎంత గెలుపు కావాలన్న అంచనా మనసులో నాటుకుపోయేలా చూసుకుంటారు. నేను ఇప్పుడు ఒక చిన్న అలవాటు పెట్టుకున్నాను. బహుమతి గీత దగ్గరపడగానే, ముక్కలు పంచకముందే, ఈ ఆటలో ఎవరు తోస్తే ఏ జతతో కాల్ చెబుతానో నాకు నేను చెప్పుకుంటాను. ముక్కలు చూశాక నిర్ణయించుకుంటే ఆసు బొమ్మ మీద మమకారం పుడుతుంది; చూడకముందే నిర్ణయించుకుంటే ఆ బాధ తక్కువ. పోయిన వేసవిలో మళ్లీ ఇలాగే నలుగురం మిగిలాం, ఎనిమిదుల కంటే చిన్న జతకు కాల్ లేదని ముందే అనుకున్నాను, ఏడ్ల జత పడింది, తోపు వచ్చింది, పడేశాను. తోసినవాడు ముక్కలు చూపించలేదు, నేనూ అడగలేదు.

మీ వ్యాసకర్త మీద నాకు ఫిర్యాదేమీ లేదు, ఆయన శైలి చదివించింది. ఒకే ఒక విన్నపం. ఇకమీదట ఎప్పుడైనా టోర్నమెంట్ చివరి దశలో జరిగిన ఆల్ ఇన్‌ను వర్ణిస్తే, ఇద్దరి ముక్కలు మాత్రమే కాక, బల్ల దగ్గర మిగిలినవాళ్లందరి చిప్స్ సంఖ్యనూ, బహుమతుల పట్టికనూ, బ్లైండ్ తర్వాత ఎవరిదో కూడా ఒక్క చిన్న పెట్టెలో వేయండి. మూడు పంక్తులు సరిపోతాయి. కాల్ సరైనదో కాదో లెక్క వేసుకునే పని పాఠకులకు వదిలేయండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడు,
గుంటూరు.